వేసవి నెలల బడి



ఎండలు ముదిరినంతనే మన బడులకు తాళములు పడును. ఏప్రిలు నాలుగవ వారమున మూసిన తలుపులను సాధారణముగా జూను రెండవ వారమున గాని తెఱవరు. ఆ ఏడు వారములును ఉపాధ్యాయునకు విశ్రాంతి. విద్యార్థికి మామిడితోపు, అవ్వగారి యిల్లు, తాటిముంజెలు. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై యుండి నేనును ఆ సెలవుల సుఖము నెఱిగినవాడనే. అయితే అందఱి బడియు మూసిన దినముననే బడి తెఱచుకొను పిల్లలు కొందఱు కలరు. నేటి నా ప్రసంగము వారిని గూర్చినది.

పెన్న కడలిని గలియు తావునకు దక్షిణమున, తీరమునకు ఒకటిన్నర క్రోసు దూరములో ఒక గ్రామము. అందు ప్రభుత్వపు బాలుర వసతిగృహము కలదు. 2003వ సంవత్సరమున ఏప్రిలు నెలాఖరున అందలి విద్యార్థులు రేకు పెట్టెలు నెత్తికెత్తుకొని తమ యిండ్లకు పోయిరి. మఱునాడే నలుబది యొక్కమంది పిల్లలు పెట్టెలు లేకయే వచ్చి చేరిరి. వారిలో తొమ్మిదేండ్లకు తక్కువవాడు లేడు, పదుమూడేండ్లకు మించినవాడు లేడు. ఏడుగురి పేర్లు ఏదో యొక బడి హాజరు పట్టీలో నుండెను. ఆ యేడాది బడి గడప త్రొక్కినవాడు మాత్రము ఒక్కడును లేడు. వారికి ఏబది దినములలో అక్షరములును, అంకెలును, బడిలో కూర్చుండు అలవాటును నేర్పి, బడులు తెఱచునాటికి వయసుకు తగిన తరగతిలో చేర్చవలెనని సంకల్పము. ప్రభుత్వపు కాగితములలో దీనికి బ్రిడ్జి కోర్సు అని పేరు. నేను సేతు పాఠశాల యంటిని. పిల్లలు 'ఎండాకాలం బడి' యనిరి. ఆ పేరే నిలిచినది.

ఈ పద్ధతి ఎక్కడినుండి వచ్చినదో ముందుగా చెప్పవలెను. ఏలయన దాని వేరు మన జిల్లాలోనే యున్నది. కోవూరు తాలూకా పురిణి గ్రామమున 1889లో జన్మించిన మామిడిపూడి వేంకటరంగయ్యగారు అర్థశాస్త్ర రాజనీతి శాస్త్రములందు పేరెన్నికగన్న ఆచార్యులు. మన రాష్ట్రపు స్వాతంత్ర్య పోరాట చరిత్రను సంపుటములుగా వెలయించినవారు. వారి పేర 1981లో ఒక సంస్థ యేర్పడినది. నెల్లూరున జన్మించిన వారి మనుమరాలు శాంతాసిన్హాగారు దానికి సారథ్యము వహించిరి. ఆ సంస్థవారు 1990ల ఆరంభమున రంగారెడ్డి జిల్లాలో వెట్టిపనులలోనున్న పిల్లలను విడిపించి, కొన్ని నెలలు ఒకచోట నుంచి, కూడు పెట్టి చదువు చెప్పి, బడులలో చేర్చసాగిరి. పేదవాడు తన బిడ్డను పనికి పంపక తప్పదను మాట అంతవఱకు మనకందఱకు వేదవాక్యమై యుండెను. ఆ మాటను వారు నమ్మలేదు. 1990ల చివర ప్రభుత్వమువారు ఇదే త్రోవను బట్టి, వేసవిలో ఊరకుండు వసతిగృహములను ఇట్టి శిబిరముల కిచ్చిరి. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చిన పిమ్మట ఇవి జిల్లాలన్నిట వ్యాపించినవి. శాంతాసిన్హాగారికి రామన్ మెగసెసే పురస్కారము లభించినది 2003లోనే. ఆ వార్త పత్రికలలో చదువునాటికి మా శిబిరము ముగిసి నెల దాటినది.

మన తీరమున పిల్లవాని పని యనగా ఏమి? ఈ సంగతి పెద్దలగు మీకు నాకన్న బాగుగా తెలియును. అయినను పట్టణములందు వినువారి కొఱకు చెప్పుచున్నాను. వరికోతలైన పొలములలో రాలిన గింజలను, నత్తలను తినుటకై బాతుల మందలను ఊరూర త్రిప్పుదురు. ఐదారు వందల బాతులు. వాని వెంట ఇద్దఱు ముగ్గురు యానాది బాలురు. చీకటి పడగానే పొలములోనే దడి కట్టి బాతులను తోలుట, దాని ప్రక్కనే పండుకొనుట, తెల్లవాఱుజామున గ్రుడ్లు ఏఱుట. మంద ఎచ్చట నుండునో వాడును అచ్చటనే. తల్లిని జూచి నాలుగైదు నెలలైన పిల్లలు కలరు. ఇస్కపల్లి వైపున ఉప్పుకొటారులు. ఎండ యెంత మెండైన ఉప్పంత పండును, కావున పని యంతయు వేసవిలోనే. ఇక రొయ్యల గుంటలు. 1990ల మొదట రొయ్యల సాగు మన తీరమున ఒక్కుమ్మడిగా పెరిగినప్పుడు, ఉప్పుటేళ్ళలో మొలబంటి నీట నిలిచి దోమతెర వంటి వలతో రొయ్యపిల్లలను పట్టి లెక్కకింత యని అమ్మిన చేతులు చాలవఱకు ఆడువారివి, పిల్లలవి. 2003 నాటికి ఆ వేట తగ్గి, గుంటల గట్లపై రేయి కావలియు, మేత చల్లుటయు మిగిలినవి. పట్టపుపాళెముల పిల్లలు వలలు సవరింతురు, చేపలు విడదీయుదురు.

ఇందు ఒక చిక్కు కలదు. ఏప్రిలు 15 మొదలు మరపడవల వేటకు నిషేధము. నేడది జూను 14 వఱకు అఱువదియొక్క దినములు. అప్పుడు కొంత తక్కువ. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున సముద్రమునకు విశ్రాంతి యన్నమాట. ఆ దినములలో పాళెములందు పొయ్యి రగులుటయే కష్టము గనుక, పిల్లవానికి మూడు పూటల అన్నము పెట్టుదుమన్న పట్టపువారు సంతోషముగా పంపిరి. ఉప్పుకొటారులలోను, బాతుల వద్దను అట్లు కాదు. అచ్చట పిల్లవాడు పనిలోనున్న వేళ మేము పోయి అడిగితిమి. అందుచే మా నలుబది యొక్కమందిలో యిరువదిమంది పాళెముల వారు. బాతుల కాపరులు అయిదుగురే.

శిబిరమున నాతోపాటు ఇంటరు చదివిన ఊరి యువకులిద్దఱు, ఒక వంటమనిషి, ఒక కామాటి, ఒక కావలివాడు ఉండిరి. మొదటి వారమున చదువు చెప్పినామని చెప్పుట అబద్ధమగును. గజ్జికి మందు పూయుట, తల గొఱుగుట, రాత్రి లెక్కించుట, తెల్లవాఱినంతనే మఱల లెక్కించుట, ఇదియే పని. తొమ్మండుగురు పాఱిపోయిరి. అన్నము తక్కువై కాదు. కొందఱు అన్నమును బట్టలో మూటగట్టి దాచుచుండగా చూచి అడిగితిమి. తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు తీసికొని పోవుటకట! గోడల నడుమ కప్పు క్రింద నిద్రపట్టక, తల్లిపై బెంగతో పోయిరి. కామాటి సైకిలెక్కి పోయి వెదకువాడు. అతడు ఎవ్వరిని గద్దింపలేదు, బ్రతిమాలలేదు. గుడిసె ముందర నిలిచి, "రేపు గుడ్డుకూర" అని చెప్పి వెనుదిరిగి వచ్చెడివాడు. తొమ్మండుగురిలో ఏడుగురు మరలి వచ్చిరి. బోధనశాస్త్రమున నేను చదివిన గ్రంథములందు ఈ యుపాయము లేదు.

ఒక తల్లిని గూర్చి చెప్పవలెను. ఆమె తానుగా కొడుకును వెంటబెట్టుకొని వచ్చినది. ఒప్పుదల కాగితముపై వ్రేలిముద్ర వేయించుటకు మావాడు సిరాపెట్టె తెఱవగా ఆమె కలము నడిగి తన పేరు వ్రాసెను. అక్షరములు వంకరయే, కాని తప్పు లేదు. 1991లో మన జిల్లాలో అక్షరదీపము వెలిగినప్పుడు రాత్రిబడిలో నేర్చుకొన్నదట. ఆ రాత్రిబడుల నుండియే దూబగుంట ఆడువారు 1992లో సారాపై తిరుగబడిరనియు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెననియు మీ రెఱుగుదురు. అప్పటి వాచకమును ఆమె పెట్టెలో దాచియుంచినది. నలుబది యొక్క కాగితములలో వ్రాలు చేసినవి ఆఱు, తక్కినవన్నియు ముద్రలు.

ఇక చదువు. అక్షరాభ్యాసము ఎట్లు చేయవలెనని నాకును ఆ యువకులకును వాదము నడచినది. నేను వీథిబడి సంప్రదాయమున పెరిగినవాడను. ఓనమాలు, గుణింతములు, ఒత్తులు వరుసగా, ఇసుకలో దిద్దించి గొంతెత్తి చదివింపవలెనందును. వారు శిక్షణలో విన్నట్లు, పిల్లవాడెఱిగిన మాటతో మొదలిడవలెననిరి. ఉదయము ఇసుకలో నా వరుస, సాయంకాలము పలకపై వారి మాటలు అని ఒడంబడిక చేసికొంటిమి. వల, తల, పడవ, బాతు అని మాటలు వచ్చినవి. 'ఉప్పు' అను పదమున ద్విత్వము కలదు. నా వరుసలో అది నెల తరువాత రావలసినది. ఉప్పుకొటారు నుండి వచ్చిన బాలుడు దానిని మూడవనాడే వ్రాసెను, పకారము క్రింద పావత్తు తగిలించి. అయినను ఇసుకలో గొంతెత్తి దిద్దనిచో అక్షరము చేతికి పట్టదని నేను నేటికిని అందును. ఌకార ౡకారములను మాత్రము ఆ ఏబది దినములలో ఎవ్వరికిని చూపలేదు. నా గురువులు వినినచో నొచ్చుకొందురు గాక.

గణితమున వారికి నేర్పవలసినది వ్రాతయే గాని లెక్క కాదు. బాతుల కాపరి యొకడు, పదునొకండేండ్లవాడు, బక్కపలుచనివాడు. "నీ మందలో బాతులెన్నిరా అబ్బయా?" అని అడిగితిని. "నూట నలబై ఏడు పుంజీలు, పైన రెండు, అయ్యోరా" అనెను. పుంజీ యనగా నాలుగు. సందెవేళ దడిలోనికి తోలునప్పుడు, ఇరుకు సందున నాలుగేసి పోనిచ్చి, నాలుగింటికి ఒక వ్రేలు ముడుచునట. ఒక్కటి తక్కువైన వాని కూలిలో కోత. నూట నలుబది యేడును నాలుగుతో హెచ్చించి, రెండు కూడి, ఐదువందల తొంబది యని నేను పలకపై వేసి చూపితిని. వాడు ఆ అంకెను చాలసేపు చూచి, "ఇన్ని బాతులు ఇంత చోటులో పడతాయా?" అనెను. నాలుగవ ఎక్కము వానికి ఆ సాయంకాలమే వచ్చినది. ఐదవది రెండు వారములు పట్టెను. ఐదులతో వానికి పని లేదు.

మఱియొక సంగతి. వసతిగృహపు బావినీరు మేలోనికి వచ్చునప్పటికి ఉప్పగా మాఱెను. పాళెపు పిల్లలు మమ్ము సరుగుడు తోపు ఆవలి ఇసుకదిబ్బ వెనుకకు తీసికొనిపోయి చెలమ త్రవ్వి తీయని నీరు చూపిరి. సముద్రమునకు రెండు వందల గజములలో! "రెండు మూరలు దాటి తవ్వొద్దయ్యోరా, ఉప్పు తగులుద్ది" అని హెచ్చరించిరి. కారణ మెవ్వరికిని తెలియదు. వాననీరు ఇసుకలో నింకి, ఉప్పునీటికన్న తేలికగుటచే దానిపై పొరవలె తేలి నిలుచుననియు, లోతు త్రవ్వినను, ఎక్కువగా తోడినను క్రింది ఉప్పునీరు పైకెక్కుననియు మా యువకుడు గాజుగ్లాసుతో చూపి చెప్పెను. అంత చెవియొగ్గి విన్న పాఠము నా యుద్యోగకాలమున మఱి యొకటి లేదు. చెప్పవలసినదానిలో సగము వారికే తెలిసియుండుట వలన గదా!

ఆ యేటి ఎండలను మీరు మఱచి యుండరు. 2003 మే, జూను నెలలలో వడగాడ్పులకు మన రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. మా కప్పు సిమెంటు రేకులది. పదిగంటలు దాటగనే పలకలు కట్టిపెట్టి అందఱను తోపులోనికి తీసికొని పోయెడివారము. మధ్యాహ్నము సముద్రపు గాలి తిరిగినచో ప్రాణము లేచివచ్చును. పడమటిగాలి బలిసి అది రాని దినములు మూడు నాలుగు వచ్చినవి. ఆ దినములలో తడిగుడ్డలు, ఉప్పు వేసిన మజ్జిగ, పంచతంత్రపు కథలు. కథ చెప్పుచుండగా నిద్రపోవువారిని లేపలేదు. అట్టి నిద్ర వారిలో పలువురికి ఎన్నడును లేదు.

మే నెల మూడవ వారమున ఒక ఉదయము మోటారుసైకిలుపై బాతుల యజమాని వచ్చెను. వెనుక ఆ పుంజీల పిల్లవాని తండ్రి. సంక్రాంతినాడు తండ్రి మూడువేల రూపాయలు అడ్వాన్సు తీసికొనెను. భార్యను ఆసుపత్రిలో చేర్చినప్పుడు. ఆ బాకీకి పిల్లవాడు సంవత్సరము బాతుల వెంట నుండవలెను. నాలుగు నెలలే గడచినవి. "పిలకాయిని పంపండి, లేకుంటే మూడువేలు కట్టండి" అని అతడు నిలిచెను. తండ్రి తలయెత్తలేదు. పిల్లవాడు వంటయింటి తలుపు వెనుక నిలుచుండెను. అతడు దుర్మార్గుడని నేననను. అతనికిని గ్రుడ్ల వర్తకుల వద్ద అడ్వాన్సు కలదు. మందకు తెగులు తగిలిన ఒక్క వారమున సర్వము పోవును.

నేను చట్టము చెప్పితిని. పిల్లవాని పనిని తాకట్టుపెట్టు ఒడంబడిక చెల్లదని 1933లోనే, తెల్లదొరల కాలముననే, చట్టము చేసిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి బాకీనే రద్దుచేసినది. అతడు వినెను. విని, "సట్టం మీరు చెప్తారు. మరి బాతుల్నెవురు కాస్తారు?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. నా యొద్ద సమాధానము లేదు.

సమాధానము చెప్పినవాడు ఆ యూరి పెద్ద యొకడు. డెబ్బదియేండ్ల రైతు, ఒకప్పటి సర్పంచి. మా శిబిరమునకు అప్పుడప్పుడు మజ్జిగ కుండ పంపుచుండెడివాడు. ఆ దినమున ఆ కుండకై వచ్చి అరుగుపై కూర్చుండి యుండెను. తాను స్వయముగా వ్యవసాయమున పిల్లలను జీతమునకు పెట్టుకొన్నవాడే, దానిని దాచనులేదు. యజమానిని దగ్గరకు పిలిచి, "నీ కొడుకేం చదువుతుండాడు?" అని అడిగెను. "ఆరు. నెల్లూళ్ళో, హాస్టల్లో" అని అతడు చెప్పెను. పెద్ద దానిపై మఱొక మాట యనలేదు. తండ్రి వైపు తిరిగి, "నువ్వు కాయవా బాతుల్ని?" అనెను.

తండ్రి కాయుననెను. ఇంతవఱకు ఎవరును తన్ను అడుగలేదట. పెద్దవానికి పిల్లవాని కూలికి రెట్టింపు ఈయవలెను. అందుచే పిల్లవానినే పిలిచిరి, తండ్రి ఊరక కూర్చుండెను. రెట్టింపు కూలి తన వల్ల కాదని యజమాని, ఎందుకు కాదో చెప్పుమని పెద్ద. రెండు గంటలు గడచినవి. తుదకు, తండ్రి మందవెంట పోవుటకును, నాలుగు నెలల పని లెక్కకట్టి పోగా మిగిలిన అడ్వాన్సును పెద్దవాని కూలిలో నెల కింతగా త్రుంచుకొనుటకును కుదిరినది. చట్టము ప్రకారము ఆ త్రుంచుటయు తగదు. నేనా మాట యనగా పెద్ద నన్ను జూచి, "అయ్యోరా, ఈ పూటకి పిలకాయి పలక కాడికి పోనీయండి" అనెను. పిల్లవాడు తలుపు వెనుకనుండి వచ్చి మజ్జిగ కుండ కడిగి తెచ్చి పెద్దకిచ్చెను.

ఆ దినము మొదలు నాకొక సంగతి దృఢమైనది. పిల్లవాడు బడికి రాకుండుటకు పేదఱిక మొక్కటే కారణమైనచో, తండ్రి చేతులు ఖాళీగా నుండగా కొడుకు చేతులకు పని యెట్లు దొరకినది? చవుకగా దొరకుటయే ఆ పిల్లవాని దోషము. వాడు బడిలో కూర్చుండిన నాడు, వాని పని పెద్దవానికి, పెద్దవాని కూలికి చేరును. ఈ లెక్క ఊరిలో చేయగలిగినది ఉపాధ్యాయుడు కాడు; అధికారి కాడు. అరుగుపై కూర్చుండి ఇరుపక్షములను పేరుపెట్టి పిలువగలిగిన మీ వంటి పెద్దలే. మా వృత్తివారు ఊరికి పరాయివారము. బదిలీ వచ్చిన పోవుదుము.

కొందఱు పెద్దలు నన్నడిగినారు: తండ్రికి కొడుకు సాయపడుటయు నేరమా యని. కాదు. 2016లో సవరించిన చట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటను అంతటను నిషేధించినది గాని, బడి వేళలు దాటిన పిమ్మటను, సెలవులలోను తన కుటుంబపు పనిలో, అది ప్రమాదకరము కానియెడల, చేయి వేయుటను ఒప్పుకొన్నది. అన్యుని బాతులు కుటుంబము క్రిందికి రావు.

జూనులో బడులు తెఱచునాటికి మా యొద్ద ముప్పదియాఱుగురు నిలిచిరి. ఇద్దఱి కుటుంబములు ఇటుక బట్టీలకు పోవుచు పిల్లలను గొనిపోయినవి. ఒకడు జబ్బుపడి ఇల్లు చేరెను. ముప్పదియాఱుగురిలో చిన్న చిన్న వాక్యములు తడబడక చదువువారు ఇరువదినలుగురు. తక్కినవారు పదములు కూడబలుకుదురు. ఏబది దినములు ఐదేండ్ల చదువునకు సాటి యగునని నేను చెప్పను. కాని పదేండ్లవాని బుద్ధి ఆఱేండ్లవాని బుద్ధి కాదు. వానిని ఒకటవ తరగతిలో, మోకాలెత్తు పిల్లల నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుచే వారములో పాఱిపోవును. మూడవ, నాలుగవ, ఐదవ తరగతులలో తోటివారి ప్రక్కన కూర్చుండబెట్టి, సాయంకాలము వసతిగృహమున వెనుకటి పాఠములు చెప్పిన, వాడు అందుకొనును.

ముప్పదిమువ్వురికి చేరిన నాడే పేరు పడినది. మువ్వురిని ఒక బడిలో చేర్చుకొనలేదు. ఆ బడి పేరు చెప్పను. పుట్టినతేది ఆధారము లేదనియు, పూర్వపు బడి టి.సి. లేదనియు ప్రధానోపాధ్యాయుడు అభ్యంతరము చెప్పెను. ఏ బడికిని పోనివానికి టి.సి. ఎక్కడిది? మండల విద్యాధికారి ఉత్తరువు వచ్చుటకు జూలై పదునైదు దాటెను. ఆ మువ్వురిలో ఒకడు ఈలోగా రొయ్యల గుంటకు తిరిగిపోయెను. ఇప్పుడట్టి ఆటంకమునకు తావులేదు. 2009లో చేసి 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి తెచ్చిన విద్యాహక్కు చట్టము, వయసు ఋజువు లేదని ఏ పిల్లవానిని త్రిప్పి పంపరాదని శాసించినది. వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనుకబడినదానికి ప్రత్యేక శిక్షణ నిమ్మన్నది. మీ యూరి బడిలో నెవరైన కాగితమడిగి పిల్లవానిని నిలిపినచో, ఈ మాట చెప్పుడు.

దసరా సెలవుల నాటికి ఇరువదితొమ్మండుగురు బడిలో నుండిరి. మఱుసటి యేడు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది. ఆదివారము, పిల్లలు సెలవులకు పాళెములందే యుండిరి. మా పిల్లలకెవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు గాని, పడవలు, వలలు పోయిన ఇండ్లనుండి ఇద్దఱు మఱల బడికి రాలేదు.

ఆ పిమ్మట నేను వేఱు మండలమునకు బదిలీయై పోతిని. పదవీ విరమణ చేసిన తరువాత ఒకమాఱు ఆ వైపునకు పోయితిని. పుంజీల బాలుడు పదియవ తరగతి వఱకు చదివెను. ఉత్తీర్ణుడగుట రెండవ పర్యాయము. ఇప్పుడొక రొయ్యల మేత దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. కంప్యూటరులో కూడికలన్నియు అదియే చేయునట. అయినను బస్తాలు దింపునప్పుడు మాత్రము వ్రేళ్ళు ముడుచుచునే యున్నాడు. పాళెపు పిల్లలలో పెక్కుమంది సముద్రమునే నమ్ముకొనిరి. అందొకడు తన పాళెములో చదువరి. ఏప్రిలులో వేట ఆగగానే నిషేధ కాలపు భృతికై ప్రభుత్వమునకు పెట్టు దరఖాస్తులను పాళెపు వారందఱకు వాడే పూరించునట. నేను పోయిన దినమున పడవ నీడలో కూర్చుండి అదే పనిలో నుండెను. ఎదుట పదిమంది ముసలివారు, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క ఆధారు కార్డు. నన్ను జూచి లేవబోయి, ఒడిలోని కాగితములు గాలికి పోవునని మఱల కూర్చుండి, "అయ్యోరా, ఇంకా నలుగురివి ఉండాయి, అట్టా కూచోండి" అనెను.